చేప నీళ్ళు తాగే వేళ

ఆ బల్ల మీద ఒక్కరే కూర్చుంటే అది కదలదు. అవతలి కొసన ఇంకొకరు కూర్చుంటేనే లేస్తుంది. లేచాక దిగడం మాత్రం మన చేతిలో ఉండదు.

ఈ సంగతి అరెతీకి గాల్లోకి లేచాక తెలిసింది. అవతలి కొసన కూర్చున్నాయన ఇద్దరు మనుషుల పెట్టు. చేతిలో కాల్చిన మొక్కజొన్న పొత్తు, ముఖం నిండా తీరిక. ఆయన కూర్చోగానే ఆమె సర్రున పైకి పోయింది.

"ఎలా ఉందమ్మా పైన?" అని అరిచాడాయన.

"బాగానే ఉంది. ఇక దించండి."

"అప్పుడేనా! మా ఆవిడ చచ్చినా ఎక్కనంటోంది. పొద్దుట్నించీ నాకు దొరికింది నువ్వొక్కదానివే."

పైనుంచి వోలోస్ ఊరి రేవు గట్టంతా కనిపిస్తోంది. తాటిచెట్టంత ఎర్ర చెవులు. ఒక చెవిలో మాట్లాడితే గొట్టాల్లోంచి పోయి గట్టు అవతల ఇంకో చెవిలో పలుకుతుంది. దొర్లడానికి మెత్తటి నీలం గుట్టలు. చేతులు చాచి కూర్చున్న తెల్లటి బొమ్మ, దాని కౌగిట్లో ఒకేసారి ఆరుగురు పడతారు. 'ఒక్కరు ఆడలేని బొమ్మలు' అని దారి మొదట్లో పెద్ద బోర్డు. మనుషులు ఇళ్ళలో ఒంటరిగా మగ్గిపోతున్నారని, బయటికొచ్చి కలిసి ఆడుకుంటే ఒంటికీ మనసుకీ మంచిదని కింద రాశారు. అరెతీ దాన్ని సగం చదివి వదిలేసింది. ఆమెకు ఏ పనీ కుదురుగా చేసే అలవాటు లేదు. కొడుకు బయట ఆడుకుంటుంటే అసలు కుదురు ఉండదు.

వాడు అదిగో. ఆక్టోపస్ బొమ్మ ఉన్న పసుపు చొక్కా. ఎర్ర చెవుల వెనక నలుగురైదుగురు పిల్లలతో గుసగుసలాడుతున్నాడు. ఇంట్లో అమ్మ వెనకే తిరిగే పిల్లాడికి ఇక్కడ ఒక్క గంటలో ఇంతమంది స్నేహితులు.

స్తంభాలకు కట్టిన మైకులు గరగరమన్నాయి. "పొద్దు వాలగానే చేప బయల్దేరుతుంది! అఖాతం మధ్యకెళ్ళి నీళ్ళు తాగుతుంది! అందరూ గట్టు మీదికి రండి!"

చేపంటే బస్సంత పొడవున్న నారింజ రంగు బొమ్మ. చెక్క ఎముకలు, ప్లాస్టిక్ పొలుసులు, లోపలంతా డొల్ల. వారం రోజులుగా రేవుకు కట్టి ఉంది. ఈ సాయంత్రం మరపడవ దాన్ని లాక్కెళ్తుంది. లోతులో ఒక తాడు లాగితే పొట్ట కింద తలుపులు తెరుచుకుని లోపలికి నీళ్ళొస్తాయి. వీపూ కళ్ళూ మాత్రం పైన మిగిలేలా చేప మునుగుతుంది. రేపట్నుంచి ఈతగాళ్ళు వెళ్ళి దాని వీపు మీద కూర్చోవచ్చు. ఊళ్ళో వారమంతా ఇదే కబురు.

"ఇక దించండి బాబూ, మా అబ్బాయి కనిపించడం లేదు," అంది అరెతీ.

నిజంగానే కనిపించడం లేదు. ఇప్పుడే ఉన్నాడు. ఎర్ర చెవుల వెనక ఇప్పుడు ఎవరూ లేరు.

పెద్దాయన ముఖం మారింది. మెల్లగా లేచాడు. అరెతీ కాళ్ళు నేలకు తగలకముందే దూకేసింది.

"అస్తేరీ!"

చెవుల వెనక లేడు. నీలం గుట్టల మీద ఎవరో అమ్మాయిలు దొర్లుతున్నారు. తెల్లబొమ్మ కౌగిట్లో ముసలి దంపతులు ఫోటో తీయించుకుంటున్నారు. ఆమె పరుగెత్తి ఎర్ర చెవిలో తల పెట్టి అరిచింది. "అస్తేరీ, ఎక్కడున్నావ్ నాన్నా?"

కాసేపటికి గొట్టంలోంచి ఒక మగ గొంతు, "ఇక్కడున్నానమ్మా, ముద్దియ్యి," అంది. వెనకాల నవ్వులు.

గట్టుకూ నీళ్ళకూ మధ్య కంచె లేదు. కంచె ఎందుకు, ఇది రేవు. ఆ ఆలోచన రాగానే ఆమె ఫోను తీసింది.

తోమాస్ కాఫీ కొట్టు నుంచి పరుగున వచ్చాడు. ఆమె భర్త సిటీ బస్సుల డిపోలో మెకానిక్. ఇంజను ఆగితే కంగారు పడడు గానీ, ఇప్పుడు పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఎంతసేపయింది?"

"ఏమో! నేను ఆ దిక్కుమాలిన బల్ల మీదున్నా. దిగేసరికి లేడు."

"నీళ్ళవైపు..."

"ఆ మాట అనకు!"

ఎర్ర గుడారంలో మైకు దగ్గర నెఫేలీ అనే అమ్మాయి కూర్చుని ఉంది. చదువుకుంటూ స్వచ్ఛందంగా పనిచేయడానికి వచ్చింది. వివరాలు అడిగి వెంటనే మైకందుకుంది. "అస్తేరిస్ గరూఫాస్ అనే ఆరేళ్ళ బాబు తప్పిపోయాడు! పసుపు చొక్కా, మీద ఆక్టోపస్! కనిపిస్తే ఎర్ర గుడారానికి తీసుకురండి!"

రేవు పోలీసుల రబ్బరు పడవ గట్టు వెంబడి మెల్లగా నడిచింది. అందులో ఒకతను వంగి నీళ్ళలోకి చూస్తున్నాడు. అరెతీ అటు చూడకూడదనుకుని అటే చూసింది.

తోమాస్ చేప దగ్గరికి పరుగెత్తాడు. దాన్ని లాక్కెళ్ళే మరపడవ మిల్తోస్‌ది. రేవులో అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు.

"బాబాయ్, తాడు విప్పకు. మావాడు దొరికేదాకా ఆగు."

"ఆగుతాలే నాయనా. పొద్దు నా కోసం ఆగదు గానీ నేనాగుతా." ఆయన చేప నోట్లోకి టార్చి వేసి చూశాడు. "ఇక్కడెవరూ లేరు." లోపల తోక దాకా సందు ఉంది గానీ, టార్చి వెలుగు సగం దాకే వెళ్ళింది.

అరెతీ గట్టు పొడుగునా పేరు పెట్టి అరుస్తూ తిరిగింది. జనం తోడు నడిచారు. మొక్కజొన్న పెద్దాయన తన తప్పన్నట్టు చెత్తడబ్బాల వెనక కూడా వంగి చూస్తున్నాడు.

అప్పుడు మైకు మళ్ళీ పలికింది. నెఫేలీ గొంతులో సంతోషం పొంగిపోతోంది. "దొరికాడు! అస్తేరిస్ గరూఫాస్ దొరికాడు! పసుపు చొక్కా, ఆక్టోపస్! ఐస్‌క్రీం వరసలో ఉన్నాడు! అమ్మా నాన్నా గుడారానికి రండి!"

గట్టంతా చప్పట్లు. తోమాస్ మూడుసార్లు శిలువ గుర్తు వేసుకున్నాడు. కళ్ళు తుడుచుకుని రబ్బరు పడవ వైపు రెండు చేతులూ ఊపాడు. ఆ పడవ మలుపు తిరిగి రేవు అవతలికి వెళ్ళిపోయింది. తర్వాత చేప వైపు తిరిగి అరిచాడు.

"దొరికాడు బాబాయ్! నువ్వు పోనీ!"

మిల్తోస్ తాడు విప్పాడు. బ్యాండు మొదలైంది. చేప మెల్లగా గట్టు వదిలింది.

అరెతీ అప్పటికే గుడారం వైపు పరుగెత్తుతోంది. ముందు కొట్టాలి, తర్వాత ముద్దు పెట్టుకోవాలి. కాదు, ముందు ముద్దే. గుడారంలో బల్ల మీద వెనక్కి తిరిగి కూర్చున్న పసుపు చొక్కా కనిపించింది. "అస్తేరీ!" అంటూ వెనకనించే వాటేసుకుంది. జుట్టులో ముఖం దాచుకుంది.

ఆ జుట్టు వాసన వేరు.

వదిలి, భుజాలు పట్టి తిప్పింది. మూతికంతా ఐస్‌క్రీం పూసుకున్న పిల్లాడు ఆమెను భయంగా చూశాడు. ఆమె కొడుకు కాదు.

"ఎవరు నువ్వు?"

"అస్తేరిస్ గరూఫాస్."

"ఏంటి వేళాకోళం? ఈ చొక్కా నీకెక్కడిది?"

నెఫేలీ తెల్లబోయింది. "పేరడిగానండీ. అదే చెప్పాడు. వయసడిగితే ఆరన్నాడు. చొక్కా కూడా..."

"మీ నాన్న పేరేంటి?" అడిగింది అరెతీ. అడుగుతుండగానే ఆమెకు అర్థమైపోయింది. ఆ కనుబొమలు తోమాస్‌వి. తోమాస్ తండ్రివి.

"స్తాథిస్."

స్తాథిస్ తోమాస్‌కు తమ్ముడు. ఓడల మీద ఉంటాడు. భార్యాబిడ్డలు పక్కనున్న లారిసా ఊళ్ళో ఉంటారు. అన్నదమ్ములకు అయిదేళ్ళుగా మాటల్లేవు. దానికి కారణం ఈ పేరే. మొదటి మగపిల్లాడికి తాత పేరు పెట్టాలి. అది ఇంటింటా ఉన్న మాట. పెద్దకొడుకు బిడ్డకు ముందు హక్కు. అరెతీ కొడుకే ముందు పుట్టాడు. కానీ పేరు పెట్టేది జ్ఞానస్నానంలో. జ్ఞానస్నానం చేయించాల్సిన పెద్దమనిషి విదేశంలో చిక్కుకుపోతే, పిల్లాడు ఏడాది దాకా 'బాబు'గానే ఉండిపోయాడు. ఈలోపు మూడు నెలలు చిన్నవాడైన స్తాథిస్ కొడుకు చర్చికి వెళ్ళి అస్తేరిస్ అయిపోయాడు. తోమాస్ పంతానికి పోయి తన కొడుక్కూ అదే పేరు పెట్టాడు. ఆ రోజు నుంచి వంశంలో తాతతో కలిపి అస్తేరిస్ గరూఫాస్‌లు ముగ్గురు, ఒకళ్ళింటికి ఇంకొకళ్ళు పోవడం మాత్రం లేదు.

"మా అబ్బాయి కనిపించడం లేదు," అంటూ గుడారం తెర తోసుకుని ఒకామె వచ్చింది. చేతిలో పిల్లాడి నీళ్ళసీసా, కళ్ళలో నీళ్ళు. ఎవ్దోకీ. స్తాథిస్ భార్య. బల్ల మీద కొడుకును చూసి కూలబడినంత పనయింది. ఆ పక్కనే తోడికోడలిని చూసి నిటారుగా నిలబడింది.

"నా కొడుకును పట్టుకుని ఊపుతున్నావేంటి అక్కా? పేరు చాలక పిల్లాడు కూడా కావాలా?"

"నోరు ముయ్! నా కొడుకు లేడు! నీ కొడుకుని చూసి నా కొడుకు దొరికాడని వెతకడం ఆపేశారు!"

"నేనేమన్నా చెప్పానా ఆపమని?"

"మీరిక్కడున్నారని తెలిస్తే అనుమానమన్నా వచ్చేది! మైకులో పేరు వినలేదా నువ్వు?"

ఎవ్దోకీ చూపు తప్పించింది. "విన్నా. పసుపు చొక్కా అన్నారు. మావాడు ఆకుపచ్చ చొక్కాలో ఉన్నాడు. అంటే మీ వాడేనని తెలిసిపోయింది. మీ మొహాలు చూడ్డం ఇష్టంలేక అటు కొట్ల వెనక్కి వెళ్ళి కూర్చున్నా."

"తప్పిపోయింది మా వాడని తెలిసీ?"

"దొరుకుతాడనుకున్నా. నాకూ కొడుకున్నాడు, రాయిని కాదు."

తోమాస్ పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. పిల్లాడి ముఖం చూశాడు, మరదలిని చూశాడు. వెనక్కి తిరిగి మళ్ళీ గట్టు వైపు పరుగెత్తాడు. అతని గొంతు దూరమవుతూ వినిపించింది. "పడవను పిలవండి! పోలీసు పడవను వెనక్కి పిలవండి!"

బల్ల మీద పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు. పెద్దవాళ్ళిద్దరూ వాడి తల మీదుగా అరుచుకుంటుంటే వాడు చొక్కా అంచు నలుపుకుంటున్నాడు. అరెతీ ఆ చేతుల్ని చూసింది. అసలు అడగాల్సింది ఎవరూ అడగలేదని అప్పుడు తట్టింది. మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఈ చొక్కా మావాడిది నాన్నా. నీకెందుకిచ్చాడు?"

"మార్చుకున్నాం."

"ఎందుకు?"

"దాగుడుమూతలు. దనాయీ దొంగ. ఇద్దరి పేరూ ఒకటే అంటే ఎవరూ నమ్మలేదు. అందుకని మేమిద్దరం ఒక జట్టు. చొక్కాలు మార్చుకుంటే దనాయీ వాడనుకుని నన్ను, నేననుకుని వాణ్ణి పట్టుకుంటుంది. అప్పుడు కూజా పగుల్తుంది."

ఆ ఆట ఆడని పిల్లలు ఆ దేశంలో లేరు. దొంగ ఒకణ్ణి చూసి ఇంకొకడనుకుని తప్పు పేరు పిలిస్తే, 'కూజా పగిలింది' అని అందరూ కేకేస్తారు. ఆట రద్దు. దాక్కున్నవాళ్ళంతా బయటికొస్తారు, దొంగ మళ్ళీ లెక్కపెట్టాలి. లేదంటే దొరకనివాడొకడు పరుగున వచ్చి, దొంగ లెక్కపెట్టిన గోడ ముట్టుకుని, ఉమ్మి, 'అందరికీ విడుదల' అని అరవాలి. అప్పటిదాకా దాక్కున్నవాడు దాక్కునే ఉండాలి.

"దనాయీ ఏది మరి?"

"వాళ్ళ అమ్మమ్మొచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిపోయింది. నాకు ఐస్‌క్రీం బండి కనిపించింది."

"వాడెక్కడ దాక్కున్నాడు?"

పిల్లాడు పెదాలు బిగించాడు. "చెప్పకూడదు."

"చెప్పరా!" అంటూ ఎవ్దోకీ చెయ్యెత్తింది. "చెప్పకపోతే చూడు నీ సంగతి!"

"చెబితే మోసం! వాడు నా జట్టు!"

అరెతీ తోడికోడలి చెయ్యి పట్టి ఆపింది. బయట బ్యాండు మోగుతోంది. ఒక్కో డప్పు దెబ్బా ఆమె గుండెల మీద పడుతోంది. అయినా గొంతు తగ్గించింది.

"సరే. దనాయీ వెళ్ళిపోయింది కదా. ఇప్పుడు దొంగను నేను. ఇందాక వెనకనుంచి వచ్చి నిన్ను పట్టుకున్నానా? తప్పుగా పట్టుకున్నా. అంటే కూజా పగిలింది."

వాడు ఏడుపాపి ఆలోచించాడు. "నువ్వు అస్తేరీ అన్నావ్. నేను అస్తేరిస్సే. పగల్లేదు."

ఎవ్దోకీ తల పట్టుకుంది. "అచ్చం మామగారే! దేవుడా, అచ్చం ఆయనే!"

"నోరు పేరు చెప్పింది," అంది అరెతీ. "కానీ నేను నిన్ను మావాడనుకున్నా. చొక్కా చూసి మోసపోయా. మీరు గెలిచారు. దొంగ ఒప్పుకుంటే పగిలినట్టా కాదా?"

వాడు మూతి తుడుచుకున్నాడు. "ఒప్పుకుంటే పగిలినట్టే."

"మరి వాడెక్కడ?"

"చేపలో. తోక దాకా పాక్కుంటూ పోయాడు. అక్కడ చీకటిగా ఉంటుందిట, వాడికి భయం లేదంట."

ఎవ్దోకీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అరెతీ బయటికొచ్చేసరికి చేప అఖాతంలో చాలా దూరం వెళ్ళిపోయి, బొమ్మల కొట్లో బొమ్మంత అయిపోయింది. ముందు మరపడవ, వెనక పొడవాటి తాడు, తాడు చివర నారింజ రంగు చుక్క. సూర్యుడు కొండల అంచును తాకుతున్నాడు. జనం ఫోన్లెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు.

గట్టు చివర తోమాస్ పోలీసు పడవ కోసం చేతులూపుతున్నాడు. "చేపలో ఉన్నాడు!" అని ఆమె అరిచిన అరుపుకు అతను ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. బూట్లయినా విప్పకుండా నీళ్ళలోకి దూకేశాడు. ఈదుతున్నాడు గానీ ఆ దూరం ఈతకు అందేది కాదు.

నెఫేలీ మిల్తోస్‌కు ఫోను చేస్తోంది. "మోగుతోంది, ఎత్తడం లేదు!" మైకు పట్టుకుని అరిచింది. "మిల్తోస్ బాబాయ్! ఆగు! తాడు లాగొద్దు! లోపల పిల్లాడున్నాడు!"

మరపడవలో మనిషి ఇటు తిరిగాడు. టోపీ తీసి గాల్లో ఊపాడు. జనం తనను పొగుడుతున్నారనుకున్నాడు.

"ఇంజను పక్కనున్నాడు, ఆయనకేం వినబడుతుంది!" అంది ఎవ్దోకీ.

అరెతీ ఆ పొడవాటి తాడును చూసింది. మిల్తోస్ ఇంజను పక్కనున్నాడు. కొడుకు లేడు. కొడుకు తాడు చివర, నిశ్శబ్దంలో ఉన్నాడు. వాడికి వినిపిస్తుంది. కానీ ఇంతసేపూ ఊరంతా వాడి పేరు పెట్టి పిలిచింది. ఒక్కసారైనా బయటికి రాలేదు.

ఆమె మరిది కొడుకును చంకకెత్తుకుని మైకు దగ్గరికి పరుగెత్తింది. "విడుదల చెప్పు. ఇందులో చెప్పు."

"గోడ ముట్టుకోవాలి."

"ఈ స్తంభమే గోడ. ముట్టుకో!"

నెఫేలీ బ్యాండు వాళ్ళ దగ్గరికి దూకి డప్పు మీద చెయ్యి వేసి ఆపేసింది. గట్టంతా ఒక్కసారి మూగబోయింది. పిల్లాడు స్తంభం మీద అరచెయ్యి పెట్టి, తుపుక్కున ఉమ్మి, సన్నటి గొంతుతో మైకులో అన్నాడు. "థూ. అందరికీ విడుదల."

"గట్టిగారా!" అంది ఎవ్దోకీ. "మన వీధిలో అరిచినట్టు అరువ్!"

"థూ! అందరికీ విడుదల!"

స్తంభాలన్నీ ఆ కేకను నీళ్ళ మీదికి విసిరాయి. మొక్కజొన్న పెద్దాయనకు సంగతి ఎంత అర్థమైందో గానీ, ఆట మాత్రం అర్థమైంది. పొత్తు పారేసి, నేల మీద ఉమ్మి, రెండు చేతులూ నోటికి ఆనించి అరిచాడు. "అందరికీ విడుదలా!" తెల్లబొమ్మ ఒళ్ళోని ముసలి దంపతులు అందుకున్నారు. నీలం గుట్టల మీది అమ్మాయిలు అందుకున్నారు. ఎందుకో తెలియకుండానే పిల్లలంతా అందుకున్నారు. ఆ ఊళ్ళో ఆ కేక వేయడం నేర్పాల్సిన మనిషి లేడు. గట్టు పొడుగునా ఒకటే ఉమ్ములు, ఒకటే కేకలు.

మరపడవలో మిల్తోస్ వంగాడు. పొట్ట తలుపుల తాడు అందుకున్నాడు. లాగాడు.

చేప తోక ఒక్కసారి కిందికి దిగింది. దాని చుట్టూ నీళ్ళు తెల్లగా పొంగాయి.

చేప పొట్ట నీళ్ళలోకి పోయింది. పక్కనున్న ఎవ్దోకీ అరెతీ మణికట్టును గోళ్ళు దిగేలా పట్టుకుంది.

చేప నోట్లో ఆకుపచ్చ రంగేదో కదిలింది.

నడుం దాకా తడిసిన పిల్లాడు పళ్ళ మధ్యనుంచి పాక్కుంటూ బయటికొచ్చి, చేప పెదవి మీద నిలబడ్డాడు. పందెం గెలిచినవాడిలా రెండు చేతులూ పైకెత్తాడు. అప్పుడు చుట్టూ చూశాడు. గట్టు లేదు. అంతా నీళ్ళే. చేతులు మెల్లగా కిందికి దిగాయి. కాళ్ళ కింద పెదవి కూడా మునుగుతోంది. వాడు చేప కన్నును వాటేసుకున్నాడు.

గట్టు మీది కేకలు సంబరం కేకల్లా లేవని మిల్తోస్‌కు అప్పుడు అనుమానం వచ్చింది. వెనక్కి తిరిగాడు. పడవను ఎంత వేగంగా తిప్పాడంటే, అది పక్కకు ఒరిగి కాస్తలో బోర్లా పడేది. పొడవాటి పట్టుకొయ్య చాపి, చొక్కా పట్టి లాగి, తడిసిన వలను పడేసినట్టు పిల్లాణ్ణి పడవలో పడేశాడు. ఆయన తిట్లు గట్టు దాకా వినబడ్డాయి. ఇంజను పక్కనున్నా ఆయన గొంతు మాత్రం ఎవరికైనా వినబడుతుంది.

వచ్చే దారిలో తోమాస్‌ను కూడా ఎక్కించుకున్నాడు. "తండ్రికి బుద్ధి లేదు, కొడుక్కు లేదు!" అంటూ ఇద్దర్నీ గట్టు మీదికి తోశాడు. "దొరికాడన్నావ్ కదరా? ఎవడు దొరికాడు నీకు?" తోమాస్ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కొడుకును చూస్తూ, ఏడుస్తూ నవ్వుతున్నాడు.

అరెతీ పిల్లాణ్ణి ఒక దెబ్బ కొట్టి వాటేసుకుంది. చేతులు, చెవులు, మెడ, వీపు, అన్నీ తడిమింది. మళ్ళీ మొదట్నించీ తడిమింది. చేతులు ఆగడం లేదు.

"నేను పిలిస్తే నీకు వినబడిందా?"

"వినబడింది."

"నాన్న పిలిచింది? మైకులో పిలిచింది?"

"అన్నీ వినబడ్డాయి."

"మరెందుకు రాలేదురా?"

వాడు అమ్మను విచిత్రంగా చూశాడు. "నువ్వు ఆటలో లేవు కదా."

ఇంకో అస్తేరిస్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఇకిలించారు.

"విడుదల చెప్పింది నేనే," అన్నాడు వాడు.

"గొంతు గుర్తుపట్టా. దనాయీ నిన్ను పట్టుకుందా?"

"లేదు. మీ అమ్మ పట్టుకుంది. నన్ను చూసి నువ్వనుకుంది! కూజా పగిలింది!"

"అయితే మళ్ళీ లెక్కపెట్టాలి!"

ఇద్దరు పిల్లలూ ఆమె వైపు తిరిగారు. తడిసిన కొడుకు వణుకుతున్నాడు, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. ఇంటికి పోదామంది అరెతీ. ఒళ్ళు తుడుచుకోవాలంది, జలుబు చేస్తుందంది. "నువ్వే ఒప్పుకున్నావ్, దొంగ నువ్వే," అన్నాడు మరిది కొడుకు, ముసలి మామగారి మొండి కనుబొమలతో.

ఎవ్దోకీ తన శాలువా తీసి తడిసిన పిల్లాడికి చుట్టింది. "ఒక్క ఆట ఆడనీ. లేకపోతే ఈ రాత్రి వీడు నన్ను పడుకోనివ్వడు. నాకు తెలుసు వీడి సంగతి."

"నీళ్ళ వైపు పోకూడదు," అంది అరెతీ. "గుడారం దాటకూడదు. బొమ్మల్లో దూరకూడదు."

"సరే సరే సరే!"

ఆమె స్తంభానికి నుదురు ఆనించింది. ఒకటి అంది. పాదాల చప్పుళ్ళు రెండు వైపులకు చెదిరిపోయాయి. రెండు అంది. కళ్ళు మూతపడలేదు. ఓరగా గట్టు అంచు కనిపిస్తోంది, అవతల నల్లబడుతున్న నీళ్ళు కనిపిస్తున్నాయి. మూడు అనకుండా అటే చూస్తోంది.

"దొంగ చూస్తోంది!" ఎక్కడినుంచో ఒక పిల్లాడి అరుపు. ఎవరి కొడుకో తెలియలేదు.

వెనకనుంచి ఎవ్దోకీ వచ్చి ఆమె పక్కన, నీళ్ళ వైపు ముఖం పెట్టి నిలబడింది.

"మూసుకో అక్కా," అంది. "వాళ్ళను నేను చూస్తుంటా. ఇద్దర్నీ."